పెరుగు గిన్నె వెనక డబ్బా

కార్వాన్‌లో మా వాకిట్లో చాయ్ తాగుతూ, ఏ బర్రె ఎదకొచ్చిందో, దానికి ఏ దున్న విత్తనం ఎక్కించాలో మా బాపు ఎవరితోనైనా గొంతెత్తి మాట్లాడతాడు. సూది డాక్టరు బండికి నైట్రోజన్ డబ్బా కట్టుకుని వస్తాడు. మూత తీస్తే తెల్లటి పొగ. అందులో హర్యానా దున్నల విత్తనం గడ్డకట్టి ఉంటుంది. చిన్నప్పుడు ఆ పొగలో చేతులు పెట్టి ఆడుకున్నదాన్ని. అలాంటి ఇంట్లో పుట్టి, నా అండాలు దాచుకోవడానికి దొంగలా బ్యాంకాక్ పోవాల్సి వచ్చింది.

నాకప్పుడు ముప్పై ఆరు. పెళ్లి కాలేదు, చూసిన సంబంధాలేవీ నచ్చలేదు. కానీ ఎప్పటికైనా ఒక బిడ్డ కావాలని మాత్రం గట్టిగా ఉండేది. పరీక్షలు చేసిన డాక్టరమ్మ అండాలు తక్కువగా ఉన్నాయి, దాచుకునేదుంటే ఆలస్యం చేయొద్దంది. మొదట ఇక్కడే ఒక ఆసుపత్రికి పోయాను. కౌంటర్లో ఉన్నామె "సార్ రాలేదా మేడం?" అంది. సార్ లేడన్నాను. నన్ను తేరిపార చూసి, "నువ్వు పాలాయన బిడ్డవు గదా?" అంది. ఒళ్లు మండిపోయి, ఫైలు లాక్కుని బయటికొచ్చాను. అక్కడే చేయించుకుంటే నాకంటే ముందే కబురు ఇంటికి చేరుతుందని తెలుసు.

అందుకే బ్యాంకాక్. ఐదు రోజులు సూదులు ఇక్కడే పొడుచుకుని, ఆరో రోజు విమానమెక్కాలి. మధ్యలో మందు తప్పితే పని చెడుతుందని అక్కడి డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఇంట్లో ఆఫీసు ట్రైనింగ్ అన్నాను. మందు చల్లగా ఉండాలి కాబట్టి సీసాలు స్టీలు డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక దాచాను. బర్రెల మందులూ ఆ ఫ్రిజ్‌లోనే ఉంటాయి. తెలిసీ పెట్టాను చూడండి, అది నా బుద్ధిలేనితనం.

మూడో రోజు పొద్దున డబ్బా తీస్తే ఖాళీ.

"నల్ల బర్రె చేపుతలేదు చెల్లె, పాలు దిగుతలేవు," అన్నాడు అన్న. "డాక్టరు కొత్త మందు పెట్టిపోయిండనుకున్న. ఒకటి పొడిస్తే ఏం గాలే. అందుకే మూడూ పొడిచిన."

డబ్బా నేలకేసి కొట్టాను. "అవి బర్రెయి గావన్నా, నాయి!" అని మొదలుపెట్టి అండాలు, బ్యాంకాక్, అబద్ధపు ట్రైనింగ్ అన్నీ కక్కేశాను. అమ్మ ఉరికొచ్చి కిటికీలు మూసింది. "మెల్లగ మాట్లాడు, ఇజ్జత్ పోతది," అంది.

బాపు కుర్చీలోంచి లేవకుండా ఒక్క మాట అడిగాడు. "బర్రెకేమన్న అయితదా?"

ఆ మాట నేనింకా మరచిపోలేదు.

ఆటో ఎక్కి మెడికల్ షాపులన్నీ తిరిగాను. నాలుగు షాపుల్లో లేదన్నారు. ఐదో షాపులో దొరికితే, అక్కడే సూదిలోకి ఎక్కించి పొట్టలో పొడుచుకున్నాను. షాపు భాయ్ "ఫికర్ నక్కో, బైఠో" అని, కంగారు పడకుండా కూర్చోమంటూ స్టూలు జరిపి, ఫ్యాను నావైపు తిప్పి, తను మొహం అటు తిప్పుకున్నాడు. ఆ రోజు నాకు దక్కిన మర్యాద అదొక్కటే.

బ్యాంకాక్‌లో మత్తు దిగాక నర్సు కాగితం మీద తొమ్మిది అని రాసి చూపించింది. తొమ్మిది అండాలు. పక్కన చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఏడ్చాను, సంతోషం కన్నా కోపంతోనే ఎక్కువ.

తిరిగొచ్చాక ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. వచ్చినవాళ్ల ముందు మాత్రం అమ్మ "ట్రైనింగ్ మంచిగైందా?" అని అడిగేది. పళ్లు కొరుక్కుని మంచిగైందనేదాన్ని.

కొన్నాళ్లకు నల్ల బర్రె ఎదకొచ్చింది. సూది డాక్టరు వచ్చి డబ్బా మూత తీశాడు. బాపు ఆ పొగను చూస్తూ నిలబడ్డాడు.

"గిట్ల గడ్డకట్టిచ్చి పెడితే ఎన్నేండ్లు ఉంటయి?"

"నైట్రోజన్ అయిపోకుంట చూసుకుంటె ఎన్నేండ్లన్న ఉంటయి బాపూ."

"దూరం దేశంల పెట్టినా? ఖరాబు గావు గదా?"

"దూరం దేశమేంది? మన సరుకు హర్యానా నుంచే వస్తది గదా."

బాపు వంగి బర్రె తాడు బిగించాడు. నాలుగడుగుల దూరంలో, గడప మీద నేను కూర్చునే ఉన్నాను. నన్నడిగితే చెప్పేదాన్ని.