తపస్సు కాలంలో ద్రాక్ష కోత

మా క్యాథలిక్ గుడిలో పిడికెడు బియ్యం అనే పద్ధతి ఉంది. అన్నం వండేటప్పుడు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసుకుంటాం. ఆదివారం ఆ డబ్బా పట్టుకుని పూజకు వెళ్లి, గుడి వెనక గదిలో ఉన్న డ్రమ్ములో పోస్తాం. ఆ గది తాళంచెవి తల్లుల సంఘం కార్యదర్శి దగ్గర ఉంటుంది. తొంభైల మధ్యలో ఆ కార్యదర్శిని నేనే. ఎన్నికలూ గిన్నికలూ ఏమీ జరగలేదు. గుంటూరు నుంచి మేడ్చల్ వచ్చిన కొత్తలో ఒక మీటింగులో నోరు పెద్దది చేసుకుని మాట్లాడాను. "అయితే నువ్వే చూసుకో తల్లీ" అని ఫాదర్ తాళంచెవి నా చేతిలో పెట్టేశారు.

ఆ డ్రమ్ములోకి తొంగిచూస్తే నవ్వొచ్చేది. ఫ్యాక్టరీ ఆఫీసర్ల ఇళ్లనుంచి సన్నబియ్యం, కూలికి వెళ్లేవాళ్ల ఇళ్లనుంచి రేషన్ బియ్యం, మధ్యమధ్య నూకలు. కలిపి వండితే ఒక మెతుకు ముద్ద, ఒక మెతుకు పలుకు. నెలకోసారి ఇద్దరు ముగ్గురు ముసలమ్మలకు పంచి, మిగిలింది గుడి పండగ భోజనాలకు దాచేవాళ్లం.

సంఘం అధ్యక్షురాలు గౌడవెల్లి దారిలో ద్రాక్షతోట ఉన్న ఆయన భార్య. మా వైపు వాళ్లే. నేల చవగ్గా దొరికిన రోజుల్లో వచ్చి తోట వేసి, తోటలోనే ఇల్లు కట్టుకున్నారు. నేను ఆవిణ్ణి వదినగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ గంజిపెట్టిన నేతచీర నలగకుండా కూర్చునేది, మీటింగు మొత్తానికి రెండు మాటలు మాట్లాడేది. ఆయన మాత్రం కలుపుగోలు మనిషి. గుడిలో ఫ్యాన్లన్నీ ఆయన వేయించినవే.

ఆ ఏడాది మా గుడికి ఒక సిస్టర్ కొత్తగా వచ్చింది. కేరళ ఆవిడ, లూనా మీద తిరిగేది. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం పూజ అయ్యాక, నుదుటి మీద బూడిదతో ఉన్న మమ్మల్నందర్నీ వరండాలో కూర్చోబెట్టి అడిగింది.

"నలభై రోజులు మాంసం మానేస్తారు. మేకకు మంచిది. మనిషికి ఏం మంచిది? చెప్పండి."

ఆవిడే చెప్పింది. శుక్రవారం సిలువ మార్గం ప్రార్థన అయ్యాక తిన్నగా ఇంటికి పోవద్దంది. ఎప్పుడూ గడప తొక్కని ఇంటికి వెళ్లి కాసేపు కూర్చోమంది. ఏమీ ఇవ్వక్కర్లేదు, వాళ్లు చెప్పింది వింటే చాలంది. కొందరు సర్కారు ఆసుపత్రికి వెళ్తామన్నారు. సూరారం వైపు నుంచి వచ్చే ఇద్దరు, పక్కవీధి పిల్లలకు చదువు చెబుతామన్నారు. నా వంతుకు గౌడవెల్లిలో తోటల కూలీల వాడ వచ్చింది. నాకేం సంతోషం కలగలేదు. ఒక్కపొద్దు ఉండి, కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే అంతదూరం పోయి పరాయివాళ్ల కష్టాలు వినడమేమిటని దారంతా గొణుక్కున్నాను.

అక్కడ నేనూ సిస్టరూ ఒకామె ఇంట్లో కూర్చునేవాళ్లం. ఆమెకు భర్త లేడు. అత్త మంచంలో ఉండేది. ఆమె నుదుట పెద్ద బొట్టు, మొహాన ఎప్పుడూ నవ్వు. వదినగారి తోటలో ఏళ్లుగా పనిచేస్తోంది. మేం ఏసు మతం వాళ్లమని తెలిసి, మొదటిరోజే తేల్చేసింది.

"మీది మరియమ్మ, మాది పోచమ్మ. ఇద్దరు అమ్మలే గదా. కూసోండ్రి."

ద్రాక్ష కోత గురించి నాకు ఆమె దగ్గరే తెలిసింది. పందిరి తలపైన ఉంటుంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా మెడ వెనక్కి వాల్చి, చేతులు పైకెత్తి, కత్తెరతో గుత్తులు కోయాలి. మబ్బు పడితే తెగులు వస్తుందని మందు కొడతారు. మందు కొట్టిన పందిరి కింద తల ఎత్తి నిలబడితే ఆ చుక్కలు తిన్నగా కళ్లలో, నోట్లో పడతాయి. కడుక్కోవడానికి సబ్బు లేదు. నీళ్లతొట్టి తోటకు ఆ చివర ఎక్కడో ఉండేది.

ఆ తపస్సు కాలంలో మబ్బులు వదలకుండా పట్టాయి. పొద్దున మందు కొట్టించి, లారీ వచ్చే వేళయిందని ఆ మధ్యాహ్నమే కోతకు దింపారు. ఈమె పందిరి కిందే పడిపోయింది. తోటి ఆడవాళ్లు ఆటోలో వేసుకుని మేడ్చల్ సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ శుక్రవారం మేం వెళ్లేసరికి కళ్లు ఉబ్బి, గోడకానుకుని కూర్చుని ఉంది.

"తలకాయ గిర్రున తిరిగిందమ్మా, గంతే యాదికున్నది. మల్ల కండ్లు తెరిస్తే సూది గుచ్చుతున్రు."

పక్కింటామె అందుకుంది. "ఇగ మందు గొట్టిన దినం మేము తోటలకు పోము. తెల్లారి గూడ పోము. ఆ రెండు దినాల కూలి ఆపొద్దు. సబ్బు, నీళ్లు దగ్గర వెట్టాలె. గీ మాట ఈ అక్కనే పోయి తోట సారుకు చెప్పింది."

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మా సిస్టర్ వాళ్లను ఎగదోసిందని తర్వాత చాలామంది అన్నారు. అది శుద్ధ అబద్ధం. మేం వెళ్లేసరికే వాళ్లు ఒక మాట మీదికి వచ్చేశారు. మా సిస్టర్ చేసిందల్లా "ఇంట్లో తిండికి ఉందా?" అని అడగడమే.

తిండికి లేదు. సారు "వస్తే రండి, లేకపోతే మానండి, మనుషులకు కరువా" అన్నాడట. వాళ్లు మానేశారు. కోతల కాలం, ఏడాదిలో నాలుగు రాళ్లు కనబడే కాలం అదే.

ఆదివారం సిస్టర్ తల్లుల సంఘంలో డ్రమ్ములో బియ్యం ఆ ఇళ్లకు ఇద్దామని అడిగింది. గది ఒక్కసారి భగ్గుమంది. వాళ్లు మనవాళ్లు కాదు కదా అని ఒకరు. గుడి పండక్కి ఏం వండుతాం అని ఒకరు. అధ్యక్షురాలి తోట మీద పోట్లాడేవాళ్లకు సంఘం బియ్యం పెట్టడం ఏం మర్యాద అని ఇంకొకరు. ఫాదర్ ప్రార్థన చేసి నిర్ణయించుకోండని చెప్పి మెల్లగా జారుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆకలికి బాప్తిస్మం సర్టిఫికెట్ అడుగుతామా?" అని లేచి అరిచాను. నా గొంతు వీధిలోకి వినబడిందని ఇంటికెళ్లాక మా ఆయన చెప్పాడు.

అందరూ వదినగారి వైపు చూశారు. ఆవిడ చీర అంచు సరిచేసుకుంది.

"గిన్నెలోంచి తీసేశాక ఆ బియ్యం నావి కావు. నేనెలా వద్దంటాను? తాళంచెవి కార్యదర్శి దగ్గరుంది కదా" అంది. అంతే. లేచి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే సిస్టర్ లూనా మీద ఒక బస్తా, మా ఆయన స్కూటర్ మీద ఒక బస్తా గౌడవెల్లి చేరాయి. "నీతో కాపురం చేయడమే నాకు తపస్సు, మళ్లీ వేరే ఉపవాసాలెందుకు" అని సణుగుతూనే ఆయన మోశాడు. కళ్లవాపు తగ్గిన ఆమె బస్తాలో చెయ్యి పెట్టి చూసి విరగబడి నవ్వింది.

"గిదేందమ్మా, గిన్ని తీర్ల బియ్యం? ఎవలిచ్చిన్రు?"

"ఊరందరివీ ఉన్నాయి. మీ తోట అమ్మగారివి కూడా ఉన్నాయి."

ఆమె నవ్వు ఆపింది. "అమ్మ పెట్టిన బియ్యం తినుకుంట సారు మీద కొట్లాడుతున్నమా మేము?" అంది. మళ్లీ తనే, "మంచిగనే ఉన్నది. కొట్లాడెటోళ్లకు బలం గావాలె గదా" అని చేట తెచ్చింది.

తోటాయన శామీర్‌పేట వైపు నుంచి కొత్త మనుషులను పిలిపించాడు. వాళ్లకు గుత్తి పట్టుకోవడం తెలియదు. కాడ దగ్గర పట్టుకోవాల్సింది కాయ మీద చెయ్యేసి నలిపేశారు. లారీ వ్యాపారి సగం సరుకు వద్దన్నాడు. అప్పుడాయన దిగొచ్చాడు. మందు కొట్టిన రోజు, తర్వాతి రోజు కోత లేదు, కూలి ఇస్తాను, సబ్బూ నీళ్లూ పందిరి దగ్గరే పెట్టిస్తాను అని ఫాదర్‌తో కబురు పంపాడు. చివర్న ఒక మాట చేర్చాడు. అందరూ రావచ్చు, ముందుండి నడిపిన ఆ మనిషి మాత్రం తోటలో అడుగు పెట్టకూడదు.

సమస్య తీరిందని ఫాదర్ చేతులు దులుపుకున్నారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. ఈ తోటలో వద్దన్న మనిషికి చుట్టుపక్కల ఏ తోటవాడూ పనివ్వడు. మంచంలో అత్త, రెక్కాడితే తప్ప గడవని ఇల్లు. ఆమె అడిగినవన్నీ అందరికీ దొరికి, ఆమె ఒక్కతే రోడ్డున పడుతుంది.

సాయంత్రం మేం వాడకు వెళ్లేసరికి ఆమె అందరికీ నచ్చజెబుతోంది. "మీరు పోండ్రి. పిల్లలున్నోళ్లు మీరు. నా కోసం పరేషాన్ గాకుండ్రి. ఏడనో ఓ దిక్కు నేను జూస్కుంట." రేపు పోతారో పోరో ఆ మొహాలను చూసి చెప్పడం నా వల్ల కాలేదు.

తెల్లవారాక నేనూ, సిస్టరూ, సంఘంలో మరో ఇద్దరూ తోట గేటు దగ్గరికి చేరాం. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. లోపలికి వెళ్లలేదు. గేటు బయట మట్టిలో కూర్చున్నారు. వాళ్లు తీసుకొచ్చారో, చూడ్డానికే వచ్చిందో, ఆమె కూడా వచ్చి అందరికన్నా వెనక కూర్చుంది.

తోటాయన బయటికొచ్చాడు. "అన్నీ ఒప్పుకున్నాను కదా, ఇంకేంటి? లేవండి."

"అక్క వస్తెనే వస్తం సారూ" అంది పక్కింటామె.

"ఆమె సంగతి వదిలెయ్యండి." అప్పుడు నన్ను చూశాడు. "మీరు కూడానా అమ్మా? ప్రతి ఆదివారం నా ఫ్యాన్ల కిందే కదా కూర్చుంటారు."

జవాబు నాకు నోటిదాకా వచ్చింది. సిస్టర్ నా మోచెయ్యి గిల్లింది.

అంతలో పందిళ్ల మధ్య దారిలో వదినగారు రావడం కనబడింది. నలిగిన ఇంటిచీర, కాళ్లకు చెప్పుల్లేవు. భర్తను ఫలహారానికి పిలవడానికి వస్తోందనుకున్నాం. ఆవిడ ఆయన పక్కనుంచి నడిచి, గేటు దాటి, అందరికన్నా వెనకకు వెళ్లి ఆమె పక్కన మట్టిలో కూర్చుంది.

"ఇదేంటి? లోపలికి రా" అన్నాడాయన.

"ఆవిడ లోపలికొస్తే నేనూ వస్తానండీ."

గొంతు పెంచలేదు. మీటింగులో మాట్లాడినంత మెల్లగానే అంది. ఆయన మొహం ఎర్రబడింది. మోటారు సైకిల్ బయటికి తీసి, మేడ్చల్ వైపు వెళ్లిపోయాడు. గేటు మాత్రం మూయలేదు.

ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. చివరికి ఆమే లేచి, వదినగారికి చెయ్యి అందించింది.

"లెవ్వమ్మా, ఎండెక్కుతాంది. కాయ మెత్తవడ్తది."

ఇద్దరూ కలిసి ముందు లోపలికి వెళ్లారు. మిగతావాళ్లు వెనక వెళ్లారు.

తోటాయన భార్యతో మాటలు మానేశాడు. పూజకు వచ్చి, మగవాళ్ల వైపు కూర్చుని, ఆవిడ కోసం ఆగకుండా వెళ్లిపోయేవాడు. ఆవిడ అంతదూరం ఎండలో నడిచి వెళ్లేది. స్కూటర్ మీద దింపిస్తానంటే వద్దనేది. ఈస్టర్ ముందురాత్రి పాస్కా పూజ అయ్యాక, ఇంకా మాట్లాడలేదా అని అడిగాను.

"కూర బాగుంటే ఇంకొంచెం వేయమని మా అమ్మాయి చేత చెప్పిస్తున్నారు" అని నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. న్యాయం గురించి గొంతు చించుకున్నదాన్ని నేను. ఇంట్లో మాట పోగొట్టుకున్నది ఆవిడ.

పండగ వెళ్లిన వారంలో మళ్లీ మబ్బు పట్టింది. పని రోజు, పొద్దున్నే మా ఇంటి గుమ్మంలో ఆమె కనిపించింది. తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఏదో జరిగిందని కంగారుపడ్డాను.

"ఏం కాలేదమ్మా. ఇయ్యాల తోటల మందు గొడ్తున్రు. నిన్న పొద్దుమీకి సారు నన్నే పిలిచి చెప్పిండు. రేపు, ఎల్లుండి ఎవ్వరు రావొద్దు, కూలి కూలే, అందరికి నువ్వే చెప్పుమన్నడు." అరుగు మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. "అత్తకు తానం జేపిచ్చిన, ఇల్లు అలికిన. పొద్దు జూస్తే ఇంకా గీడనే ఉన్నది. ఇగ పొద్దుందాక ఏం జెయ్యాల్నో సమజైతలేదమ్మా, గందుకే వచ్చిన."