మైదానమంతా విన్న గుసగుస

ఎనభైల చివర్లో షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో నేను పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసేదాన్ని. మగ్గాల రొదలో అరిస్తేనే మాట వినబడుతుంది. ఆ అలవాటుతో బయటికొచ్చినా గొంతు తగ్గేది కాదు.

మా పేట ఫుట్‌బాల్ జట్టంటే నాకు పిచ్చి. ఫైనల్‌కు ముందురోజు ప్రాక్టీసు చూస్తూ, వదిన చెవిలో రహస్యంగానే చెప్పాననుకున్నాను.

"మన గోల్‌కీపర్‌ను సూడు వదినా, ఎప్పుడు సూడు కుడిదిక్కే దుంకుతుండు. ఎడమదిక్కు ఖాళీ!"

ఆట ఆగిపోయింది. మావాళ్ళ ఆట చూడ్డానికొచ్చిన అవతలి జట్టువాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

"కొంప ముంచినవ్ గదనే!" అంది వదిన. సిగ్గుతో కొంగు నోటికడ్డం పెట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

మర్నాడు మేము ఒక గోల్‌తో ముందున్నాం. ఆఖర్లో వాళ్ళకు పెనాల్టీ దొరికింది. వాళ్ళ ఆటగాడు నావైపు చూసి నవ్వి, సరిగ్గా ఆ ఎడమవైపే కొట్టాడు. మా గోల్‌కీపర్ అప్పటికే ఎడమకు దూకి బంతిని గుండెకు హత్తుకున్నాడు!

కప్పుతో ఊరేగుతూ అతను మా గుమ్మం ముందు ఆగాడు. "అక్కా, నీ మాట వాళ్ళే కాదు, నేను గూడ విన్న. మళ్ళ మ్యాచ్‌కు గూడ వచ్చి చెప్పు!"

"సరే తమ్మీ" అన్నాను, మెల్లగానే అనుకుని. వీధి చివరిదాకా చప్పట్లు మోగాయి.

మగ్గం మానేసి ఏళ్ళయింది. గొంతు తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.