చింతపండు జాడీ సంగతి చెప్పిందెవరు?

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆ మాటకొస్తే మనుషుల మీదా అంతంత మాత్రమే. అందుకే సంగారెడ్డి టాకీసులో ఆ రోజు జరిగింది ఎవరో ఆడిన నాటకమేనని చాలా ఏళ్లు అనుకున్నాను.

అరవైల చివరి సంగతి. మా అన్న నర్సింలు బజార్లో ఒక సేటు కొట్లో తూకం వేసేవాడు. ఒకరోజు కొట్లోంచి తాకట్టు నగల డబ్బా మాయమైంది. తాళం పగలలేదు. ఇంకేముంది, అందరి కళ్లూ అన్న మీదే. రోజూ ఠాణాకు పిలిచేవారు. నగలు దొరక్కపోతే జైలే అన్నారు. మా ఇంట్లో అన్నం ముట్టినవాళ్లు లేరు.

అప్పుడే ఇంగ్లండు దొంగల సినిమా ఒకటి వచ్చింది. అందరూ కలిసి దోపిడీ చేసి, ఆ తర్వాత ఒకరినొకరు అనుమానించుకుంటూ చెడిపోయే కథ. ఇంగ్లీషు సినిమా వస్తే మా మేనబావ బాలయ్య తెర పక్కన మైకు పట్టుకుని తెలుగులో కథ చెప్పేవాడు. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు. తెల్లదొరలకు యాదగిరి, మల్లేశం అని పేర్లు పెట్టి, లండన్ దొంగల్ని పటాన్‌చెరు ఠాణాలో వేయించేవాడు. జనం వచ్చేదే దానికోసం.

"ఇంట్ల దాక్కుంటే నువ్వే తీసినవంటరు. రా బామ్మర్దీ" అని మమ్మల్నిద్దరినీ మ్యాట్నీకి లాక్కెళ్లాడు.

నేను అన్న చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. సేటు మా ముందు వరసలోనే ఉన్నాడు. తెర మీద వానలో కారు పోతోంది, అంతే. మైకులో బాలయ్య గొంతు వినబడింది. "యాదగిరి సొమ్ము యాడ వెట్టిండో ఎరికేనా? కొట్ల, పాత చింతపండు జాడీ అడుగున!"

జనం నవ్వారు. సేటు నవ్వలేదు. లేచి వెళ్లిపోయాడు. సాయంత్రానికి డబ్బా ఆ జాడీలోనే దొరికింది.

అన్న బయటపడ్డాడు. ఇగ నీకెట్ల తెలుసని పోలీసులు బాలయ్యను పట్టుకున్నారు. ఆయన లబోదిబోమన్నాడు. తర్వాతి రీలు చిరిగితే అతికించడానికి తాను పైన మిషను గదిలో ఉన్నానని, మైకు ఆపే వెళ్లానని మొత్తుకున్నాడు. ఆపరేటరూ అదే చెప్పాడు. ఇద్దరూ ఒకే బీడీ పంచుకునేవాళ్లు, నేనెందుకు నమ్ముతాను?

బాలయ్యను ఠాణా వదిలింది గానీ ఊరు వదల్లేదు. టాకీసు పని పోయి, పటాన్‌చెరులో కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. మమ్మల్ని గట్టెక్కించినవాడికి ఆ గతి పట్టిందని ఏడ్చాను. అయినా అనుమానం పోలేదు.

కొన్నేళ్లకు పటాన్‌చెరులో బస్సు కోసం నిలబడితే కనిపించాడు. ఉండబట్టలేక అడిగేశాను. "బావా, ఇప్పుడన్న నిజం చెప్పు. గా మాట నువ్వే అన్నవ్ కదా?"

ఆయన నన్ను అదోలా చూశాడు. "నేనెందుకంట పిల్లా? పైకెల్లి నేను గూడ ఇన్న. అది మీ అన్న గొంతు."

ఊరంతా విన్నది బాలయ్య గొంతే. అన్న పక్కనే ఉన్నాను, అతను పెదవి కదపలేదు, ఒట్టేసి చెబుతాను. కానీ ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది. ఆ మాట మైకులో రాకముందే అన్న చెయ్యి నా చేతిలో చల్లబడిపోయింది.

అన్న ఇప్పటికీ మా ఇంటికొస్తాడు, కడుపునిండా తిని పోతాడు. అడగాలని నోటిదాకా వస్తుంది. అడగను. జవాబు ఎవరి గొంతుతో వస్తుందోనని భయం.