రెడ్డెప్ప పట్టకారు

మదనపల్లె టమోటా మార్కెట్లో కాయల్ని వేళ్లతో నొక్కి చూసి ధర చెప్పే రెడ్డెప్ప, ఇంట్లో స్టాంపుల ముందు కూర్చుంటే మాత్రం దేన్నీ వేలితో ముట్టడు. చేతులు కడిగి, ఫ్యాను ఆపి, చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే ఎత్తి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. అన్నీ నూటయాభై ఏళ్ల కిందటి ఈజిప్టు స్టాంపులు. వాటిలో ఆయన ప్రాణం, పిరమిడ్ ముందు స్ఫింక్స్ ఉన్న స్టాంపుతో అలెగ్జాండ్రియా నుంచి వెళ్లిన ఒక పాత కవరు. ఈ వానలకు బీరువాలో చెమ్మ చేరి అదెక్కడ పాడవుతుందోనని భార్య సుగుణమ్మతో రోజూ అదే దిగులు.

నిన్న ఆయన కుప్పంలో పెళ్లికి వెళ్లి వచ్చేసరికి, ఆమె నవ్వుతూ వాకిట్లోకే ఎదురొచ్చింది.

"ఇంగ దిగులు యాలప్పా? మన ఆధార్ కార్డుల మాదిరే నీ కవరుకీ లామినేషన్ ఏపిచ్చినా. నీళ్లు పడినా ఏం గాదు, సూడు!"

రెడ్డెప్ప కవరు అందుకున్నాడు. వేడికి కాగితంతో కలిసిపోయిన ప్లాస్టిక్ కింద స్ఫింక్స్ తళతళా మెరుస్తోంది. ఊడదీస్తే కవరు కూడా చిరిగి వస్తుంది.

"బాగలేదా?" అంది సుగుణమ్మ, నవ్వు తగ్గి.

ఎప్పుడూ వెంట ఉంచుకునే పట్టకారును ఆయన జేబులోంచి తీశాడు. మళ్లీ లోపల పెట్టేశాడు. కవరు చేతికొచ్చిన నాటి నుంచి మొదటిసారి, ఆ స్ఫింక్స్ ముఖాన్ని బొటనవేలితో నిమిరాడు. నున్నగా, చల్లగా తగిలింది, అచ్చం ఆధార్ కార్డులాగే.