కాకి కాని జెముడుకాకి కోసం జైనూర్ దాకా

శుక్రవారం సాయంత్రం ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. నాది కరీంనగర్. బడి గోడల మీద బొమ్మలు వేయడం నా పని. వేసవిలో జైనూర్ దగ్గరి ఒక ఊరి బడి వరండాలో పన్నెండు పిట్టలను గీసి, కింద పేర్లు రాసి వచ్చాను. వాటిలో జెముడుకాకిని నేను ఎన్నడూ చూడలేదు. పేరులో కాకి ఉంది కదా అని నిలువెల్లా నల్లరంగు పూశాను. ఫోన్ చేసింది ఆ బడిలో వంట చేసే సోంబాయి. "నస్రీన్ బిడ్డా, గోడ మీద ఉన్నది జెముడుకాకి కాదని మా మనుమరాలు క్లాసుల చెప్పిందట. సారు నీ బొమ్మ చూపిచ్చి కూసోమన్నడు. అందరు నవ్విండ్రు. అప్పటిసంది పోరి బడిల నోరు తెరుస్తలేదు" అంది.

ఆదివారం పొద్దున ఐదింటికి మంచిర్యాల బస్సెక్కాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ సున్నా. ఏడున్నరకు దిగి, చాయ్ తాగే ఓపిక కూడా లేక ఆసిఫాబాద్ బస్సు పట్టుకున్నాను. మందమర్రి దగ్గర బొగ్గు లారీల వెనక బస్సు మెల్లగా సాగుతుంటే దిగి తోయాలనిపించింది. ఆసిఫాబాద్‌లో బస్సు మారి, కెరమెరి ఘాట్ మీదుగా జైనూర్ చేరేసరికి పదకొండు దాటింది. అక్కడి నుంచి ఊరికి షేర్ ఆటో, నలభై రూపాయలు. నా రంగు డబ్బాలు చూసి సంగతేమిటని డ్రైవర్ అడిగాడు. చెప్తే నవ్వాడు.

"నీటికాకి గూడ కాకి కాదమ్మా. పాలపిట్ట పాలియ్యది. దూరం నుంచి చూసి పేర్లు వెట్టిండ్రు మనోళ్లు. జర ఫికర్ చెయ్యకుండ్రి."

ఫికర్ తగ్గలేదు.

సోంబాయి ఇంటి ముందు ఆమె మనుమరాలు రాంబాయి కూర్చుని గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. నాలుగో తరగతి. తప్పు నాదేనని, పిట్టను చూడకుండా గీశానని చెప్పాను. తలెత్తలేదు. "జర నాకు చూపిస్తవా?" అన్నాను. చేతిలోని కాయ ఈనె తీసేసి, లేచి ఇంటి వెనక పత్తిచేను గట్టు మీదికి నడిచింది. ముసురు పట్టి ఉంది. పొదల్లోంచి 'ఊప్ ఊప్' అని, ఖాళీ కుండలో ఊదినట్టు వినబడుతోంది గానీ పిట్ట జాడ లేదు. తిరుగు బస్సు నాలుగింటికే. గంటన్నర గడిచింది. నేను పదిసార్లు లేచి కూర్చున్నాను.

"గట్ల కదిల్తె రాదు" అంది రాంబాయి. నాతో ఆమె అన్న మొదటి మాట అదే.

కదలకుండా కూర్చున్నాను. రెండు కావస్తుండగా అది పొదలోంచి నడుచుకుంటూ వచ్చింది. నల్లటి ఒళ్లు, పొడవాటి తోక, ఎర్రటి కళ్లు. రెక్కలు మాత్రం కాలిన ఇటుక రంగు! ముక్కున మిడతను పట్టుకుని మళ్లీ పొదలోకి దూరింది. కాకి పోలికే లేదు. అది కోయిలకు దగ్గరి జాతి అని ఆ ఫోన్ వచ్చాకే చదివాను, ఫొటోల్లో రెక్కల రంగు మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంది.

సోంబాయి బడి తాళం తీసింది. రంగు కలుపుతుంటే రాంబాయి రెండుసార్లు వద్దంది. "ఎరుపెక్కువైంది." "ఇంకింత మట్టిరంగు." మూడోసారి తలూపింది. రెక్కలు అయ్యాక పేరు కూడా తుడిచెయ్యబోతే సోంబాయి నా చెయ్యి పట్టుకుంది.

"పేరేం జేసింది బిడ్డా? మేమందరం గట్లనే పిలుస్తం. ఉండనియ్యి."

పేరు ఉంచి, కింద 'ఇది కాకి కాదు, కోయిల చుట్టం. చూపించినది రాంబాయి' అని రాశాను. ఆ పిల్ల రెండుసార్లు చదువుకుంది.

"రేపు సారు మళ్ల గోడ చూడుమంటే?"

"నువ్వే సారును తోల్కొచ్చి ఈ గోడ చూపియ్యి."

అప్పుడు నవ్వింది.

తిరుగు బస్సులో నిమ్మళంగా ఉండాల్సింది, ఉండలేకపోయాను. ఇన్నేళ్లలో నేను రంగులు వేసిన బడులన్నీ వరుసగా గుర్తుకొచ్చాయి. వాటిలో ఏ గోడ ఏ పిల్ల నోరు మూయించిందో నాకు తెలియదు. పిట్టల కోసం ఇటు వచ్చేవాళ్లకు ఒక్క మాట: ముందురోజే ఆసిఫాబాద్‌లో దిగి, తెల్లవారి తొలి బస్సుకు బయల్దేరండి. ఊళ్లో అడిగేటప్పుడు పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. ఎట్లా నడుస్తుందో, ఎట్లా కూస్తుందో చెప్పి అడగండి.