గోత్రం గడి

మొన్న ఆదివారం ఉదయం, మేం వలస వచ్చిన ఈ గుజరాతీ నగరంలోనే ఉన్న వరాఛా పేట నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "పెద్దబాపూ, మీ రిజిస్టరుల మా బాపు గోత్రం ఉంటదట. జర చూసి చెప్తరా? పిలగాని దిక్కు పెండ్లి చేసే అయ్యగారు అడుగుతున్నడు" అంది. వచ్చే నెలలో ఆమె పెళ్లి. అడాజన్‌లోని మా ఫ్లాటులో, ఎవరూ వాడని మూడో గదిలో, కులసంఘం కార్యదర్శిగా నేను రాసిన రిజిస్టర్లన్నీ అట్టలు వేసి, వరుస సంఖ్యలతో భద్రంగా ఉన్నాయి. గోత్రం గడి దొరకడానికి రెండు నిమిషాలు చాలాయి. ఆ పక్క పేజీ చదవడానికే పూట గడిచింది.

ఆమె తండ్రి సాంచెల కార్ఖానాలో, మరమగ్గాల మీద నేసేవాడు. మా ఊరివాడే, తల్లి వైపు నుంచి వరుసకు తమ్ముడు. భార్య పోయిన ఏడాదికే జ్వరంతో తానూ పోయాడు. అప్పుడు మేమున్న రెండు గదుల ఇంట్లో ఆ ఐదేళ్ల పిల్ల పదకొండు రోజులు ఉంది. నా భార్య రెండు జడలు వేస్తే అద్దం ముందు నుంచి కదిలేది కాదు. పన్నెండో రోజు, పిల్లను ఎవరు పెంచుకోవాలో తేల్చడానికి సంఘం మా ఇంట్లోనే కూర్చుంది. ఒక్కొక్కరి మాటా పొల్లుపోకుండా రాశాను. ఒకరికి ఆడపిల్ల బరువు. ఒకరికి సొంత కొడుకు అలుగుతాడన్న భయం. సంతానమే లేని దంపతులకు, పెంచి పెద్దచేశాక మేనమామ వచ్చి తీసుకుపోతాడన్న అనుమానం. అసలు ఆ పిల్లకు మేనమామే లేడు. నా భార్య గడప దగ్గర నిలబడి, "మనింట్లనే ఉండనీయుండ్రి. పిడికెడు తింటది, గంతే" అంది. వెంటనే ఒక పెద్దాయన, "మన గోత్రం గాని పిల్ల. రేపు పెండ్లిల పీటల మీద ఎవరు కూసుంటరు బిడ్డా, నీ మొగడా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ నవ్వును మాత్రం రిజిస్టరుకు ఎక్కించలేదు. "కార్యదర్శి గృహమున స్థలము లేదు" అని రాసి సంతకం పెట్టాను.

వజ్రాలకు సానపట్టే గుజరాతీ ఆయన భార్య మా పక్కింట్లో ఉండేది. ఆమెకు తెలుగు రాదు గనుక మా తీర్మానాన్ని హిందీలో నేనే వినిపించాను. పిల్ల అన్నం తిన్నదా అని మాత్రమే అడిగింది. ఆ ప్రశ్న మాలో ఎవరూ వేయలేదనడానికి నా రిజిస్టరే సాక్ష్యం. పిల్ల చేయి పట్టుకుని తమ ఇంటికి తీసుకుపోయింది. దత్తత కాగితాలు తర్వాత ఆ భార్యాభర్తలు పద్ధతిగా చేయించుకున్నారు. మా పక్కనే పెరిగింది గనుక పిల్లకు మా మాటా పోలేదు.

మొన్న గోత్రం చెప్పాక, ఆగలేక, "పీటల మీద ఎవరు బిడ్డా?" అని అడిగాను.

"పప్పా, మమ్మీ. ఇంకెవరు కూసుంటరు?" అంది, నాకే లోకం తెలియనట్టు.

కాలం అన్నిటినీ మాపేస్తుందంటారు. నేను మంచి సిరా వాడాను.