షాఫ్ట్ చల్లారేదాకా

కొవిడ్ ఆంక్షలు పూర్తిగా తొలగిన మరుసటి ఏడాది ఎండాకాలంలో, మెట్టుగూడలోని ఒక మెషీన్ షాపులో ప్రొడక్షన్ ఇన్‌చార్జిగా చేరాను. చేరిన కొద్దిరోజులకే ఒక చిన్న పట్టణపు మంచినీటి పంపు షాఫ్ట్ విరిగి మా దగ్గరికొచ్చింది. కొత్త షాఫ్ట్, దాన్ని మోటారుతో కలిపే కప్లింగ్ మర్నాటి సాయంత్రానికి లారీ ఎక్కాలి. అప్పటిదాకా ఆ ఊరికి ట్యాంకర్లే గతి.

పంపుల కాంట్రాక్టరు తరఫు ఇంజనీరు శామ్యూల్ గారు గడువు రోజు ఉదయమే వచ్చి షాపులో కూర్చున్నారు. మధ్యాహ్నానికి లేత్ పని ముగిసింది. ఇక బేరింగ్ కూర్చునే చోటును గ్రైండింగ్‌తో కచ్చితమైన కొలతకు తేవాలి. మా సీనియర్ మెషినిస్టు నరసింహ సన్నని కొలతలు చూసే మైక్రోమీటరుతో షాఫ్ట్‌ను కొలిచి, దాని మీద చెయ్యి పెట్టి చూసి ఆగిపోయాడు.

"మేడమ్, గిది ఇంకా గరం ఉంది. గిప్పుడే సైజుకు తెస్తే సల్లబడ్డంక తగ్గుతది. బేరింగ్ లూజైతది."

నా అభిప్రాయమూ అదే. ఆపమన్నాను.

శామ్యూల్ గారు లేచి నిలబడ్డారు. "చల్లారేదాకా కూర్చుంటే ఊరికి నీళ్ళెవరిస్తారండీ? మున్సిపాలిటీవాళ్ళు నన్ను పీక్కుతింటున్నారు."

"లూజు షాఫ్ట్ పంపితే వారంలో మళ్ళీ ఇక్కడికే వస్తారు సార్," అన్నాను. డ్రాయింగు ఆయన ముందు పరిచాను. కప్లింగ్ బయటివైపు అద్దంలా మెరవాలని అందులో ఉంది. ఆ భాగం దేనికీ తగలదు. ఆ పాలిష్ వదిలేస్తే ఒక మనిషి ఖాళీ అవుతాడు, షాఫ్ట్ చల్లారేలోపే కప్లింగ్‌లో తాళం గాడి, అంటే దాన్ని షాఫ్ట్‌కు బిగించే కీ కూర్చునే గాడి, కోయవచ్చు. అయితే డ్రాయింగు నుంచి తప్పుకోవాలంటే కొనేవారి అనుమతి తప్పనిసరి. కొనేవారి తరఫున ఆయనే సంతకం చేశారు.

షాఫ్ట్ చల్లారాక నరసింహ మైక్రోమీటరు ఆయన చేతికే ఇచ్చాడు. "మీరే సూడుండ్రి సార్." వేడి మీద చూసినదానికన్నా కొలత తగ్గింది. గ్రైండింగ్ పూర్తయ్యేదాకా శామ్యూల్ గారు మళ్ళీ తొందరపెట్టలేదు.

లారీ అనుకున్నదానికన్నా ఆలస్యంగానే కదిలింది. మా యజమాని నన్ను పిలిచి గట్టిగానే అడిగారు. కారణం చెప్పాను, క్షమాపణ చెప్పలేదు. మర్నాడు శామ్యూల్ గారు ఫోన్ చేసి, బేరింగ్ సరిగ్గా కూర్చుందని, పంపు నడుస్తోందని చెప్పారు. కప్లింగ్ మాత్రం చూడ్డానికి బాగోలేదన్నారు. నిజమే, బాగోలేదు.

గడువు తరుముతున్నప్పుడు పనంతటినీ కాస్త కాస్త పలచన చేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఏది వదలవచ్చో తేల్చుకుని, కొనేవారికి ముందే చెప్పి, దాన్ని పూర్తిగా వదిలెయ్యాలి. మిగిలినదాంట్లో వెంట్రుకవాసి కూడా వదలకూడదు.